చేతిలో అరవని కోళ్లు

తనను దొంగ అన్న ఇంటి మిద్దె ఎక్కి, ఆ ఇంటి కోళ్లకే మళ్లీ గూడు మప్పడానికి ఒక మనిషికి మనసెలా ఒప్పుతుంది? ఫయ్యూం సీమలో, ఖారూన్ సరస్సు ఒడ్డున మా ఊళ్లో నబవియ్యా ఒక సాయంత్రం ఆ పని చేసింది. ఇది జరిగి చాలా ఏళ్లయింది. చూసినవాళ్లలో సగం మంది మట్టిలో కలిశారు. ఎంత ఆలోచించినా, ఎన్ని పుస్తకాలు తిరగేసినా ఆ ప్రశ్నకు జవాబు ఇప్పటికీ చిక్కలేదు. చిక్కింది కోపం ఒక్కటే. అది చల్లారలేదు.

నబవియ్యాను ఎవరూ ఆ పేరు పెట్టి పిలిచేవారు కాదు. మా వైపు ఆడమనిషిని పెద్దకొడుకు పేరుతో ఫలానావాడి తల్లి అంటారు. పిల్లలు పుట్టనివాళ్లను ఉమ్ గాయిబ్ అంటారు, ఇంకా రాని బిడ్డకు తల్లి అని. మర్యాద కోసమే ఆ పిలుపు. కానీ జుట్టు నెరిసి, మొగుడు పోయి, పిండిమర వెనక ఒంటిగదిలో బతికే మనిషిని రోజుకు పదిసార్లు రాని బిడ్డ పేరు పెట్టి పిలవడంలో మర్యాద ఎక్కడుందో వెతుక్కోవాలి. ఆమె మాత్రం పిలిచిన ప్రతిసారీ పలికేది.

సన్నటి మనిషి. నల్లటి పొడుగు అంగీ, దానికి సంచుల్లాంటి వెడల్పు చేతులు. పగలు పొలాల్లో ఉల్లిపాయలు ఏరడానికి వెళ్లేది. గోధుమ కోతల ముందు, వసంతంలో కొన్న కోడిపిల్లలు ఎదిగే రోజుల్లో మాత్రం సందె వేళ ఆమెకు ఊరంతా పిలుపులే. కింద ఇంట్లో పెరిగిన పెట్టపిల్లలను మిద్దె మీది గూటికి మప్పడం ఆమె పని. ఇది కూడా ఒక పనేనా అని నవ్వేవాళ్లు ఫయ్యూం కోడిని ఎరగరు. మా కోళ్లు కోళ్ల కంటే పిట్టలకే దగ్గర చుట్టాలు. వెండిగీతల రెక్కలతో గాలిలో తేలిపోయి ఖర్జూరపు మట్ట మీద వాలతాయి. చెయ్యి తగిలితే చాలు, పీక కోస్తున్నట్టు వీధంతా దద్దరిల్లేలా అరుస్తాయి. పైగా బయట పడుకుంటే ఇర్స వస్తుంది. వేలెడు సందు దొరికితే చాలు, అందులోంచి జారే సన్నటి జంతువు అది. రక్తం తాగి కళేబరాన్ని అక్కడే వదిలేసి పోతుంది. పొద్దు కుంకాక దాని పేరెత్తరు. 'పెళ్లికూతురు' అంటారు, కోపం తెచ్చుకోకుండా.

నబవియ్యా ఈ పనికి డబ్బు తీసుకునేది కాదు. ఆ పూట ఇంట్లో ఏది వండితే అది ఇంత తిని, నల్లటి టీ ఒక గ్లాసు తాగి వెళ్లిపోయేది. మిద్దె అంటే ఆడవాళ్ల ఇలాకా. జున్ను కుండలు, ఉల్లి జడలు, పిడకలు, ఆరేసిన లోపలి బట్టలు, అన్నీ అక్కడే ఉంటాయి. సందె వేళ పరాయి మనిషిని ఒంటరిగా అక్కడికి ఎక్కనిచ్చారంటే ఆమె మీద ఎంత నమ్మకం ఉండాలి! ఆ నమ్మకమే నబవియ్యాకున్న ఆస్తి. అది తప్ప ఆమెకు చెట్టు లేదు, గట్టు లేదు.

పడవ నడిపే మహ్రూస్ పెళ్లాం ఫిక్రియ్యా ఆ ఏడు తొలిసారి కోడిపిల్లలను పెంచింది. గుడ్లను వేడితో పొదిగించే బట్టీ నుంచి గాడిద మీద గంపలతో వచ్చే మనిషి దగ్గర కొన్నది. రొట్టెలు కాల్చే గదిలో, పొయ్యి వెనక వెచ్చటి మూలలో పెంచింది. నూక తినిపించింది, ఉల్లికాడ తరిగి పెట్టింది. వాటికి ఈకలు వచ్చి, రెక్కలు విదిల్చి రొట్టెపిండి మీద దుమ్ము లేపడం మొదలయ్యేసరికి అత్తగారు తఫీదాకు ఓపిక అయిపోయింది.

"పైకి ఎక్కించు వాటిని. మిద్దె మీద గూడు ఖాళీగా పడుంది, ఇవి చూస్తే నా రొట్టెల మీద రెట్టలేస్తున్నాయి" అంది.

"ఇంకా చిన్నవి కదత్తా?"

"నిన్ను ఈ ఇంటికి తెచ్చినప్పుడు నువ్వూ చిన్నదానివే. నేర్చుకోలా?"

ఫిక్రియ్యా వాటిని గంపల్లో పైకి మోసింది. పొద్దు వాలగానే చీపురు పట్టుకుని గూటి వైపు తోలింది. అంతే, మిద్దె మీద ప్రళయం వచ్చింది. కొన్ని పిట్టగోడ ఎక్కాయి, ఒకటి పక్కింటి బట్టల తీగ మీద వాలి ఊగుతూ అరిచింది, మిగిలినవి మెట్ల మీంచి దొర్లుకుంటూ కిందికి పోయి రొట్టెల పొయ్యి వెనక తమ పాత మూలలో ఒకదాని మీద ఒకటి పడి నక్కాయి. వాటి మటుకు ఇల్లంటే అదే. మనమే మరిచిపోతాం, పుట్టినప్పటి నుంచీ పడుకున్న చోటు నుంచి లేవదీసి చీకటి బొరియలోకి పొమ్మంటే ఎవరు పోతారు?

పక్క మిద్దె మీంచి జన్నూబా పొట్ట పట్టుకుని నవ్వింది. "ఏం వదినా, కోళ్లను గూట్లో పెడుతున్నావా, ఊళ్లోంచి తరిమేస్తున్నావా?"

"నవ్వు నవ్వు. పోయినేడు నీవి ఖర్జూరం చెట్టెక్కి కూచోలేదూ?"

"కూచున్నాయి. ఉమ్ గాయిబ్ వచ్చి దింపింది. నా మాట విని కబురు పెట్టు. ఇంతకీ నీ దగ్గర ఎన్ని..." అంటూనే నాలిక కరుచుకుంది. "అబ్బే, నేనేం అడగలేదు. దేవుడు చల్లగా చూడాలి."

మా ఊళ్లో కోడిపిల్లలను ఎవరూ లెక్కపెట్టరు. అంకె నోట పలికితే దిష్టి తగిలి పోతాయంటారు. ఎన్నున్నాయంటే దేవుడిచ్చినన్ని అంటారు. గంపలవాడు కూడా పిల్లలను అమ్మేటప్పుడు 'దీనికి తోడు, దాని తోడుకి తోడు' అని పాడుకుంటూ వేస్తాడు గాని ఒకటి, రెండు అనడు. కాబట్టి ఫిక్రియ్యాకు తన పెట్టలు ఎన్నో తెలియదు. తెలుసుకోవాలని కూడా ఆమెకు తోచలేదు.

నబవియ్యా మర్నాడు వచ్చింది. గూట్లోకి తల పెట్టి చూసి, అడ్డంగా కట్టిన ఖర్జూరపు మట్టను పీకి అవతల పారేసింది. "ఇంత నున్నటిదాని మీద నిలబడమంటే నేనే జారిపడతాను" అని, గరుకు బెరడున్న మల్బరీ కొమ్మ తెప్పించి కట్టింది. నాలుగు రోజులు పెట్టలను పగలూ రాత్రీ గూట్లోనే ఉంచి, నీళ్లూ నూకా లోపలే పెట్టించింది. తరవాత మధ్యాహ్నం దాటాక తలుపు తీయించేది. బయట నూక కొంచెమే చల్లించేది, ఆకలి పూర్తిగా తీరకుండా. పొద్దు వాలుతుండగా గూట్లో లాంతరు పెట్టి, లోపల గుప్పెడు నూక జల్లి, తలుపు పక్కన అటు తిరిగి కూర్చునేది.

"వాటివైపు చూడకు. చూస్తే తోలుతున్నావనుకుంటాయి" అని ఫిక్రియ్యాకు చెప్పింది.

"మరి లోపలికి వెళ్లాయో లేదో ఎలా తెలుస్తుంది ఖాలా?" పిన్ని వరస పెట్టి అడిగింది ఫిక్రియ్యా.

"వెళ్తే తెలుస్తుంది. వెళ్లకపోతే మీ అత్త కింద నుంచి చెప్తుంది."

బయట మసక పడి, గూట్లో వెలుగు కనబడేసరికి ఒకటీ అరా మెడ చాపి లోపలికి నడిచేవి. పిట్టగోడ ఎక్కిన మొండివాటిని నబవియ్యా చేత్తో దింపేది. ఒక అరచెయ్యి రొమ్ము కిందికి పోనిచ్చి, కాళ్లను వేళ్ల మధ్య తీసుకుని, అంగీ చెయ్యి దాని తల మీదుగా కప్పేది. అది కిక్కురుమనేది కాదు. పులిసిన పిండి ముద్దను ఎత్తినట్టు ఎత్తి, లోపల కొమ్మ మీద రెండు పెట్టల నడుమ పెట్టేది. "అటూ ఇటూ వెచ్చగా ఉంటే మళ్లీ లేవదు. మనమైతే లేస్తామా?"

ఫిక్రియ్యా ప్రయత్నించింది. వేళ్లు తగిలాయో లేదో, పెట్ట కేక సరస్సు దాకా వినబడింది. నబవియ్యా నవ్వింది. "నీ గుండె దడ దానికి నీ వేళ్లలోంచి తెలుస్తోంది పిల్లా. అత్తగారు కింద ఉందని దానికీ తెలిసిపోయింది."

ఫిక్రియ్యా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ ఇంటికి వచ్చాక అలా నవ్వడం అదే మొదలు.

కింద తఫీదా జపమాల తిప్పుతూ చెవులు రిక్కించి కూర్చుంది. హజ్ చేసి వచ్చిన మనిషి; ఊళ్లో అందరూ హాగ్గా అనే పిలుస్తారు. తన మిద్దె మీద కోళ్లను పట్టుకుంటుంటే అవి అరవకపోవడం ఆమెకు మింగుడు పడలేదు. దొంగ వస్తే కుక్క మొరగాలి, చెయ్యి వేస్తే కోడి అరవాలి. అరవలేదంటే ఏదో ఉంది. ఆ ఏదో ఏమిటో తెలుసుకోవడానికి ఆమె ఎంచుకున్న దారి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఒక మధ్యాహ్నం పెట్టలు మేతకు మూగినప్పుడు కుడి జేబులో శనగలు పోసుకుని, కనబడిన ప్రతి పెట్టకూ ఒక శనగ ఎడమ జేబులోకి మార్చింది. పెదవి కదపలేదు, అంకె పలకలేదు. దిష్టి తగలకూడదు కదా. పొద్దు కుంకి గూడు మూశాక, ఎవరూ చూడకుండా ఎక్కి, సందులోంచి లాంతరు పట్టి, కొమ్మ మీది ఒక్కో పెట్టకూ ఒక్కో శనగ వెనక్కి మార్చింది. ఎడమ జేబులో ఒక శనగ మిగిలిపోయింది.

మరోసారి చూసుకుందామని లేదు, కోడల్ని అడుగుదామని లేదు. మర్నాడు నబవియ్యా గూడు మూసి మెట్ల వైపు రాగానే, తఫీదా మెట్ల పై చివర అడ్డంగా నిలబడింది. చుట్టుపక్కల మిద్దెల మీద ఆడవాళ్లందరూ బట్టలు తీసుకుంటున్న వేళ అది.

"ఆగు ఉమ్ గాయిబ్. చేతులు దులుపు."

"నా చేతుల్లో ఏముంది హాగ్గా?"

"అదే చూద్దామంటున్నా. ఒక పెట్ట తగ్గింది."

"తగ్గిందని ఎలా తెలిసింది? లెక్కపెట్టావా?"

"ఛ, నేనెందుకు లెక్కపెడతాను! నాలిక మీదికి ఒక్క అంకె రానివ్వలేదు. శనగలు చెప్పాయి."

"శనగలా! కాబా చుట్టొచ్చి శనగల చేత సాక్ష్యం చెప్పిస్తున్నావా?"

తఫీదా గొంతు పెరిగింది. "నా కోడలు ముట్టుకుంటే ఆకాశం చిల్లులు పడేలా అరుస్తాయి. నువ్వు ముట్టుకుంటే నోరెత్తవు. కోడి నోరు నొక్కడం నేర్చినదానివి అంగీ చేతిలో దాచడం నేర్వలేవా? నీ ఇంట్లో ఒక బిడ్డ ఏడ్చి ఉంటే తెలిసేది, ఒకరి సొత్తు ఎలాంటిదో!"

చుట్టుపక్కల మిద్దెల మీద బట్టలు దులపడం ఆగిపోయింది.

పనితనం చూసి మెచ్చుకోవాల్సిన చోట దాన్నే నేరానికి సాక్ష్యం చేశారు. అరిపించినదాన్ని ఇంటి మనిషన్నారు, అరవకుండా ఎత్తినదాన్ని దొంగన్నారు. ఇంతకు మించిన అన్యాయం ఇంకేం కావాలి?

నబవియ్యా రెండు చేతులూ చాచి, అంగీ చేతులు ఒక్కొక్కటే తిరగేసింది. నూక రాలింది, ఒక కోడి ఈక రాలింది, సాయంత్రం ఫిక్రియ్యా ఇచ్చిన రొట్టె ముక్క రాలింది. ఆ రొట్టె ముక్క ఎత్తి, పైమెట్టు మీద తఫీదా కాళ్ల దగ్గర పెట్టింది. "ఇది నీ ఇంటిదే. నీ కోళ్లు ఇంకా పూర్తిగా మప్పలేదు హాగ్గా. ఇంకొన్ని సాయంత్రాల పని ఉంది. తలుపు గట్టిగా వేసుకో, పెళ్లికూతురు తిరుగుతోంది." తఫీదా దారి ఇవ్వకపోయేసరికి పిట్టగోడకు ఒరుసుకుంటూ దిగి వెళ్లిపోయింది.

ఫిక్రియ్యా లాంతరు పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. ప్రతి సాయంత్రం నబవియ్యా పక్కనే కూర్చుంది, ప్రతి పెట్టనూ లోపల పెట్టడం కళ్లారా చూసింది. ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆమె లాంతరు మాత్రమే ఇంకాస్త పైకెత్తింది.

తరవాత జరిగింది తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. ఆమె వద్దని ఎవరూ ముఖం మీద అనలేదు. పిండిమర ఇంటావిడ గుమ్మంలో నిలబడి, "మా పెట్టలు తెలివైనవి ఖాలా, వాటంతటవే గూట్లోకి పోతున్నాయి" అని తియ్యగా చెప్పింది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె తల వెనకాల అంజూరపు చెట్టు నిండా ఆమె పెట్టలే కూర్చుని ఉన్నాయి. ఇంకొకామె మొగుడికి ఒంట్లో బాగాలేదంది. ఇంకొకామె గడియ వేసుకుని లోపల దగ్గింది. నిప్పు లేనిదే పొగ రాదు కదా అని రేవు దగ్గర అనుకున్నారట. నోళ్లలోంచి వచ్చే పొగకు నిప్పుతో పని లేదని ఆ గిన్నెలు తోముకునేవాళ్లకు తెలియదా? తెలుసు. తమ మిద్దె మీద తమ కోడి పోతే ఎవరో ఒకరి మీద వెయ్యడానికి ఒక పేరు సిద్ధంగా ఉండటం వాళ్లందరికీ హాయిగా ఉంది, అంతే.

ఇక్కడ ఫిక్రియ్యా పెట్టలు మళ్లీ పిట్టగోడ ఎక్కాయి. నేర్చుకున్నది సగమే కాబట్టి, సగం గూట్లోకి వెళ్లేవి, సగం బయట ఉండిపోయేవి. ఆమె ఎత్తబోతే అరిచేవి. తఫీదా కింద జపమాల తిప్పుతూ, "ఇప్పుడు చూడు, దొంగ చెయ్యి తీసేయగానే కోళ్లకు గొంతొచ్చింది" అనేది.

ఒక మధ్యాహ్నం ఫిక్రియ్యా నూక జల్లుతుండగా జన్నూబా పిట్టగోడ దాటి వచ్చింది. "నా ముండ ఇక్కడే ఉందా? పొద్దున్నే గుడ్డు పెట్టలేదు, చూద్దామని వచ్చా" అంటూ మూగిన పెట్టల్లోంచి ఒకదాన్ని పట్టుకుంది. అది కెవ్వుమంది. "నోర్ముయ్యి. పగలంతా పక్కింట్లో మెక్కి, సందేళకి కొంపకు చేరతావు. మొగుడి మీద అలిగినదానిలాగ!"

ఫిక్రియ్యా చేతిలో చేట వంగి నూకంతా ఒలికిపోయింది. "అది... నీదా వదినా?"

"కాక? ఈ కాలి గోరు చూడు, పుట్టినప్పటి నుంచీ వంకరే. మీ మిద్దె మీద మేత పడే వేళ రోజూ ఇక్కడే. పొద్దు వాలితే మాత్రం కాలు నిలవదు, మా గూటికొచ్చేస్తుంది. పోయినేడు ఉమ్ గాయిబ్ మప్పింది కదా. తిండి ఎవరింట తిన్నా పడక మాత్రం..." జన్నూబా మాట మధ్యలో ఆగింది. ఆమె కూడా ఆ సాయంత్రం బట్టలు దులపడం ఆపి విన్నవాళ్లలో ఒకతె. "ఓరి దేవుడో" అంది మెల్లిగా.

తఫీదా లెక్కలో మిగిలిన శనగ ఆ వంకర గోరు పెట్ట. మధ్యాహ్నం మేతలో ఉంది, రాత్రి తన ఇంట్లో తన కొమ్మ మీద పడుకుంది. నబవియ్యా చేతుల్లో నేర్చుకున్న పాఠం అది అంత బాగా గుర్తుపెట్టుకోవడమే ఆమె పాలిట నేరమయింది.

ఫిక్రియ్యా గబగబా కిందికి దిగింది. "అత్తా, నీ శనగ దొరికింది."

విషయం విన్నాక తఫీదా జపమాల ఇంకా వేగంగా తిప్పింది. "సరేలే. దేవుడు క్షమించేవాడు."

"నువ్వు దొంగ అన్నది దేవుణ్ణి కాదు."

"నోరు పెరిగింది నీకు."

"మిద్దె మీంచి అన్నావు. మిద్దె మీంచే దిద్దుకో అత్తా."

"నేను మిద్దెక్కి అరవాలా? హజ్ చేసొచ్చినదాన్ని!"

"అన్న రోజున కూడా హజ్ చేసొచ్చినదానివే."

తఫీదా లేచి వంటింట్లోకి వెళ్లి ఒక పళ్లెం సిద్ధం చేసింది. అన్నం, ములూఖియా ఆకు పులుసు, వాటి మీద ఉడికించిన కోడి తొడ. గుడ్డ కప్పి కోడలి చేతికిచ్చింది. "ఇచ్చి రా. ఆవిడకే అర్థమవుతుంది."

దొంగ అన్నది కోడి గురించి. పరిహారంగా పంపింది కోడి తొడ. ఇందులో ఎగతాళి లేదని తఫీదా ఖురాను మీద ఒట్టేసి చెప్పగలదు. నిజంగానే లేదేమో. కొందరికి క్షమాపణ కూడా మిగిలిన కూర లాంటిదే, పళ్లెంలో పెట్టి అవతలి వీధికి పంపేస్తే తీరిపోతుంది.

నబవియ్యా గడప మీద కూర్చుని ఉల్లిపాయల తొక్క తీస్తోంది. గుడ్డ ఎత్తి చూసి, మళ్లీ కప్పింది.

"హాగ్గా నోరు కుట్టేసుకుందా? మాటను పళ్లెంలో పంపింది."

"ఖాలా, ఆ రోజు నేను..."

"ఆ రోజు నువ్వు లాంతరు పట్టుకున్నావు. బాగా పట్టుకున్నావు. వెలుగంతా నా చేతుల మీదే పడింది." ఉల్లిపాయ ఘాటుకో మరెందుకో కళ్లు తుడుచుకుంది. "పళ్లెం తీసుకుపో పిల్లా. చల్లారిపోతుంది."

ఫిక్రియ్యా పళ్లెంతోనే తిరిగొచ్చింది. దాన్ని అత్త ముందు పెట్టి మిద్దె ఎక్కింది. పొద్దు గుంకాక చేసే మగ్రిబ్ నమాజుకు ఇంకా కాస్త వేళ ఉంది. వీధిలో అన్ని మిద్దెల మీదా ఆడవాళ్లున్నారు. పిట్టగోడ పట్టుకుని నిలబడింది. తన కోళ్లకు తీసిపోకుండా గొంతెత్తింది.

"వినండమ్మా! వదినలూ, అక్కలూ వినండి! మా ఇంట్లో కోడి పోలేదు! ఏ రోజూ పోలేదు! మా అత్త, జన్నూబా వాళ్ల పెట్టను మాదే అనుకుని లెక్కపెట్టింది! ఉమ్ గాయిబ్ ఈక ముక్క కూడా తీసుకోలేదు! విన్నారా? విన్నామని చెప్పండి!"

కింద జపమాల చప్పుడు ఆగిపోయింది.

పిండిమర ఇంటావిడ గుండెల మీద చెయ్యేసుకుని అడిగింది. "ఏమన్నావ్? లెక్కపెట్టిందా? హాగ్గా తఫీదా కోళ్లను లెక్కపెట్టిందా?"

"పెట్టింది, శనగలతో!"

"అమ్మో! హజ్ చేసొచ్చిన మనిషి! కోళ్లను!"

అదీ మా ఊరు. ఒక నిరపరాధిని దొంగ అన్నందుకు కాదు, కోళ్లను లెక్కపెట్టినందుకు ముక్కున వేలేసుకుంది. ఆ వారమంతా రేవులో, పొలంలో, రొట్టెల పొయ్యి దగ్గర అదే ముచ్చట. శనగల హాగ్గా అని పిల్లలు పాట కూడా కట్టారు. నబవియ్యాను పలకరించి, పాపం నిన్ను ఎంత మాట అన్నాం అన్నవాళ్లు ఒక్కరంటే ఒక్కరు లేరు. ఆమె మీద వేసిన మచ్చ ఎవరూ తుడవలేదు. చూపు వేరే వైపు తిప్పుకున్నారు, అంతే. కడిగినట్టా అది?

ఫిక్రియ్యా ఆమెను రమ్మని కబురు పెట్టలేదు. పెట్టే ముఖం లేదు. అయినా ఒక సాయంత్రం, ఫిక్రియ్యా చేటతో పిట్టగోడ దగ్గర పెట్టలను బతిమాలుకుంటుంటే, జన్నూబా మిద్దె మీద ఆరేసిన దుప్పట్లు పక్కకు జరిగాయి. నబవియ్యా పిట్టగోడ దాటి ఇవతలికి అడుగు పెట్టింది. ఆ ఇంటి మెట్లను తొక్కలేదు.

సలాం చెప్పలేదు, ఎలా ఉన్నావనలేదు. లాంతరు వత్తి సరిచేసి గూట్లో పెట్టింది. గుప్పెడు నూక లోపల జల్లింది. తలుపు పక్కన అటు తిరిగి కూర్చుంది. ఫిక్రియ్యా కూడా కూర్చుంది, ఆమెకు కాస్త ఎడంగా. ఇద్దరి వెనకాల గోళ్ల చప్పుడు, గుసగుస, రెక్కల విదిలింపు. ఒకటి లోపలికి పోయింది. తరవాత రెండు మూడు కలిసి పోయాయి. సరస్సు మీద ఎరుపు బూడిద రంగుకు తిరిగింది.

కింది నుంచి గ్లాసుల చప్పుడు వినిపించింది. తఫీదా పెరట్లో పళ్లెం సర్దుతోంది. చక్కెర ఎక్కువ వేసిన టీ వాసన మెట్ల దాకా వచ్చింది.

పిట్టగోడ మీద ఒక్క పెట్ట మిగిలింది. నబవియ్యా లేచి దాని దగ్గరికి వెళ్లింది. ఎత్తలేదు. ఫిక్రియ్యా మణికట్టు పట్టుకుని, ఆమె అరచెయ్యిని పెట్ట రొమ్ము కిందికి నడిపించింది. కాళ్లు వేళ్ల మధ్యకు వచ్చేదాకా ఆగింది. తన అంగీ చెయ్యిని కాదు, ఫిక్రియ్యా కొంగునే దాని తల మీద కప్పింది. పెట్ట గొంతులో చిన్న శబ్దం కదిలి ఆగిపోయింది. అరవలేదు. ఫిక్రియ్యా దాన్ని గూట్లోకి తీసుకుపోయి కొమ్మ మీద రెండింటి నడుమ పెట్టింది. ఈ గుమ్మంలో మళ్లీ తన అవసరం పడకూడదని నేర్పిందో, కోళ్ల మీద దయతో నేర్పిందో, ఆ పిల్ల మీద కనికరంతో నేర్పిందో. చీకటి పడుతున్న ఆ ముఖం మీద ఏదీ రాసి లేదు.

నబవియ్యా గూటి పలక దించి, చీల బిగించి, చేత్తో ఒకసారి లాగి చూసింది.

"అమ్మాయ్!" కింది నుంచి తఫీదా గొంతు. ఎన్నడూ లేనంత మెత్తగా ఉంది. "టీ పోశాను. ఆమెను దిగమను. నేను... ఒక మాట చెప్పాలి."

ఫిక్రియ్యా మెట్ల వైపు తిరిగి, "వస్తున్నామత్తా" అంది. తిరిగి చూసేసరికి పిట్టగోడ దగ్గర ఎవరూ లేరు. జన్నూబా దుప్పట్లు కొంచెం ఊగుతున్నాయి. ఆమె పరిగెత్తి వీధి వైపు వంగి చూసింది. నబవియ్యా అప్పటికే కిందికి దిగి, గోడ వారగా పిండిమర వైపు నడిచిపోతోంది. "ఖాలా!" అని పిలిచింది ఫిక్రియ్యా. నబవియ్యా నడక వేగం పెరగలేదు, తగ్గలేదు. మలుపు దగ్గర వెనక్కి చూడకుండా, వెళ్లొస్తానని కూడా అనకుండా వెళ్లిపోయింది.